అనాథల తండ్రి పెస్టాలజీ

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అడుగుపెట్టినవాడెవడును పెస్టాలజీ పేరు వినక బయటికి రాడు. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెననియు, వస్తువును చూపిన పిమ్మటనే దాని పేరు నేర్పవలెననియు మేమును ఆయన పేరు చెప్పి వల్లించితిమి, పరీక్షలలో వ్రాసితిమి. కాని మేము చదివిన గ్రంథములలో స్టాన్స్ అను ఊరిని గూర్చి యుండినది ఒకటి రెండు పంక్తులు మాత్రమే. యుద్ధములో తలిదండ్రులను ఇండ్లను పోగొట్టుకొని మనసు విరిగిన పిల్లల నడుమ ఆయన ఆ యూర అయిదు నెలలకు కొంచెము తక్కువ కాలము గడపెను. ఆయన పద్ధతులన్నిటికి మొలక అచ్చటనే పుట్టినది. కావున ఈ చరిత్రమునందు మేము ఆ కొద్ది నెలలకే హెచ్చు చోటిచ్చుచున్నాము. మిగిలిన ఎనుబదియేండ్ల జీవితము క్లుప్తముగా పోయినచో చదువరులు మన్నింతురు గాక.

జోహాన్ హైన్రిఖ్ పెస్టాలజీ స్విట్జర్లాండు దేశములోని జూరిచ్ పట్టణమున 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. ఈయనకు అయిదేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. మరణశయ్యపై నుండి ఆయన ఇంటి పరిచారికయైన బార్బరా అను పల్లెపడుచును పిలిచి, తన భార్యాబిడ్డలను విడిచిపోవలదని వేడుకొనగా ఆమె మాట యిచ్చెను. ఇచ్చిన మాటను తప్పలేదు. పిల్లల బట్టలు, చెప్పులు అరిగిపోవునని వారిని వీధిలోనికి పోనీయక, కూరలు చౌకయగు వేళకు అంగడికి పోయి కొనుచు, ఆ విధవరాలి సంసారమును పరువుతో గడుపుకొని వచ్చెను. తండ్రి లేని పిల్లవానికి నమ్మదగిన మనిషి యొకరు ప్రక్కనుండుటయెంత బలమో పెస్టాలజీ తన యింటనే నేర్చెను. తాతగారు హోంగ్ అను పల్లెలో పాదిరిగా నుండిరి. సెలవులలో మనుమడు ఆయన వెంట పేదల గుడిసెలకు పోవుచుండెను. బడిలో మాత్రము ఇతడు చురుకైనవాడుగా కనబడలేదు. పరధ్యానము, వింతనడక, చెదరిన తల చూచి తోటి పిల్లలు వెక్కిరించెడివారు.

యౌవనమున రూసో గ్రంథములు చదివి, ప్రకృతికి దగ్గరగా బ్రతుకవలెనని తలంచి, వ్యవసాయము నెన్నుకొనెను. 1769లో అన్నా షుల్తెస్ అను విదుషిని పెండ్లాడెను. ఆమె ఆయనకంటె ఎనిమిదేండ్లు పెద్దది; ఆమె తలిదండ్రులకు ఈ సంబంధము ఇష్టము లేదు. బిర్ గ్రామమువద్ద నోయ్‌హోఫ్ అని పేరు పెట్టిన పొలమున రంగుకు పనికివచ్చు మంజిష్ఠ మొక్కలు వేసి నష్టపోయెను. 1774 మొదలు ఆ పొలమునందే బిచ్చమెత్తుకొను పిల్లలను చేర్చుకొని, వారిచేత నూలు వడికించుచు, నేయించుచు, పని నడుమ చదువు చెప్ప మొదలిడెను. పిల్లల సంపాదనతోనే ఆశ్రమము నడచునని ఆయన వేసిన లెక్క తప్పెను. 1780లో అదియు మూతపడెను. భార్య తెచ్చిన సొమ్మంతయు అందులో కరగిపోయెను. ఒక్కడే కుమారుడు, వానికి మూర్ఛరోగము. ఆ దినములలో పల్లెవారు పెస్టాలజీని జాలితోనో పరిహాసముతోనో తప్ప చూచినట్లు లేదు. 1781లో వెలువడిన లీన్‌హార్ట్ గెర్‌ట్రూడ్ కథ ఆయనకు దేశదేశముల కీర్తి తెచ్చెను గాని, కుండలో బియ్యము నింపలేదు. 1792లో ఫ్రెంచి శాసనసభవారు ఆయనకు గౌరవ పౌరసత్వ మిచ్చిరి.

ఇక స్టాన్స్ కథ.

1798లో ఫ్రెంచి సైన్యములు స్విట్జర్లాండును ఆక్రమించుకొనెను. పూర్వపు రాష్ట్రముల పొత్తు పోయి, ఫ్రెంచివారి అండతో హెల్వెటిక్ రిపబ్లిక్కు అను నూతన ప్రభుత్వ మేర్పడెను. క్రొత్త రాజ్యాంగమునకు ప్రజలందరు ప్రమాణము చేయవలెనని ఆజ్ఞ వెడలెను. లూసర్న్ సరస్సు ఒడ్డుననున్న నిడ్‌వాల్డెన్ వారు, కొండలలో పశువులను కాచుకొను కతోలిక మతస్థులు, ఆ ప్రమాణము తమ స్వాతంత్ర్యమునకును మతమునకును చేటని తిరస్కరించిరి. 1798 సెప్టెంబరు 9వ తేదీన సేనాని షావెన్‌బుర్గ్ వారిపై విరుచుకుపడెను. ఆ యొక్క దినమున నిడ్‌వాల్డెన్ వారు సుమారు 400 మంది చనిపోయిరి. వారిలో స్త్రీలును పసిపిల్లలును గలరు. ఇండ్లు వందలకొలదిగా కాలిపోయెను. స్టాన్స్ ఆ సీమకు ముఖ్యపట్టణము. చలికాలము ముంచుకొని వచ్చుచుండగా తలిదండ్రులు లేని పిల్లలు, తండ్రి పోయి తల్లి మాత్రము మిగిలిన పిల్లలు ఊరూర దిక్కులేక తిరుగుచుండిరి.

నూతన ప్రభుత్వము తన ప్రజలను తన స్నేహితులే చంపిరను సిగ్గుతో అచ్చట అనాథశాల యొకటి పెట్ట నిశ్చయించెను. విద్యాశాఖ మంత్రి ష్టాప్ఫర్ పెస్టాలజీని ఎరిగినవాడు. ఆయనను పంపిరి. 1798 డిసెంబరులో ఆయన స్టాన్స్ చేరెను. అచ్చటి కన్యకామఠములో ఒక భాగమును అనాథశాలకై ఇచ్చిరి. వంటగది లేదు, గదులు లేవు, మంచములు లేవు. గోడలు పడగొట్టి కట్టుచుండగా సున్నపు ధూళి నిండిన ఒకే గదిలో, 1799 జనవరి 14వ తేదీన, తన యేబదిమూడవ యేడు నిండిన రెండవ దినమున, ఆయన తలుపులు తెరచెను. మొదట ఏబదిమంది, తరువాత ఎనుబదిమంది దాక పిల్లలు వచ్చిరి. పెద్దవాడు ఆయన యొక్కడే. ఇల్లు చూచుకొను ఆడుమనిషి యొకతె తప్ప సహాయులు లేరు.

ఆ పిల్లల స్థితిని ఆయన తరువాత ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో వర్ణించెను. పలువురు గజ్జిపట్టి నడువలేకుండిరి. తలల నిండ పుండ్లు, చింకిగుడ్డలలో పేలు. ఎముకలు మాత్రము మిగిలి, పసుపువన్నె తిరిగి, కన్నులలో బెదురుతో నుండిరి. కొందరు ఏమాత్రము జంకు లేక బొంకుట, అడుక్కొనుట నేర్చిరి. మరి కొందరు దెబ్బలు తిన్న కుక్కపిల్లలవలె మూల నక్కి, ఎవరు చేయిచాచినను నమ్మక చూచుచుండిరి. పదిమందిలో ఒకనికైనను అక్షరములు రావు. కాని ఆ లేఖ చదివినపుడు మమ్ము నిలిపివేసినది అక్షరములు రాని సంగతి కాదు. పిల్లల నుదుటిమీది ముడుతలలో అపనమ్మకమును ఆయన చూచెను. అక్షరజ్ఞానము లేమికంటె ఆ అపనమ్మకమే పెద్ద రోగమని గుర్తించెను.

దానికి ఆయన చేసిన చికిత్స యేమి? చెప్పుటకు మిక్కిలి సామాన్యమైనది. ఉదయము మొదలు రాత్రి వరకు వారి నడుమ నుండుట. వారు తిన్న తిండి తాను తినెను. వారి పుండ్లు తన చేతితో కడిగెను. వారి నడుమనే పరుండెను. రాత్రి అందరికంటె కడపట నిద్రించి, తెల్లవారకముందే అందరికంటె మొదట లేచెను. ప్రక్కలమీద పరుండిన పిల్లలు కోరగా, నిద్రపట్టువరకు వారితో ప్రార్థించుచు, పాఠము చెప్పుచు నుండెడివాడు. పిల్లవాడు ఏ వేళ కన్ను తెరచినను అదే ముఖము, అదే చేయి, అదే కంఠము. నిన్నటి ఇల్లు నేడు లేకపోవుట చూచిన పిల్లవానికి, నిన్న ఉన్న మనిషి నేడును ఉండుటయే మొదటి పాఠము.

నీతిబోధ విషయమున ఆయన పద్ధతి మా వంటి ఉపదేశప్రియులకు కొంత చేదుగా నుండవచ్చును. దయ, సత్యము, ఓర్పు అను వానిని గూర్చి ఆయన పిల్లలకు ఉపన్యాసము లీయలేదు. మొదట పిల్లవాని కడుపు నింపి, ఒడలు శుభ్రపరచి, వాని హృదయములో ఇతరులపై ప్రేమ పుట్టించవలెను. పిమ్మట ఆ ప్రేమ చేతిపనిగా మారునట్లు అవకాశము కల్పించవలెను. ఆ మీదట మాత్రమే మాటలతో ఆ గుణమునకు పేరు చెప్పవలెను. ఇది ఆయన క్రమము. వస్తువు ముందు, మాట వెనుక అని మేము కళాశాలలో వల్లించిన సూత్రమునకు మూలము ఇదియే. బల్లమీద పెట్టి చూపెడి ఆకు, పండు కావు ఆయన చూపిన తొలి వస్తువులు. పిల్లవాడు తానుగా అనుభవించిన దయ.

చదువు చెప్పుటలోను ఇట్లే. ఎనుబదిమందిని ఒక్కడు చెప్పుటకు పుస్తకములు లేవు, తరగతులు లేవు. కావున అందరు కలిసి ఒకే లయతో గట్టిగా పలుకుట, పలుకుచు పలకలపై గీతలు గీయుట అలవరచెను. సందడి మితిమీరినపుడు తమ చేతి నడిమివ్రేలిపై చూపు నిలుపుడని నవ్వుచు చెప్పెడివాడు. చెదరిన మనసులు అట్టి చిన్న ఆటచేత కుదుటపడెడివి. కొంచెము వచ్చిన పిల్లవాడు ఏమియు రాని ఇద్దరి నడుమ కూర్చుండి, వారి మెడలపై చేతులు వేసి, తనకు వచ్చినది వారికి నేర్పుచుండెను. నేర్చినవానికి గౌరవము, నేర్చుకొనువానికి తోడు. నేను ఎందుకును పనికిరాను అని తలంచు పిల్లవానికి ఇంతకంటె మంచి మందు మాకు తెలియదు.

1799 ఏప్రిల్ 5వ తేదీన సరస్సునకు ఆవలి కొననున్న ఆల్ట్‌డోర్ఫ్ పట్టణము అగ్నిప్రమాదమున కాలిపోయెను. పెస్టాలజీ పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని ఆ వార్త చెప్పెను. అచ్చట ఈపాటికి ఎందరో పిల్లలకు ఇల్లు, బట్ట, కూడు లేకపోయి యుండునని చెప్పి, వారిలో ఇరువదిమందిని ఇచ్చటికి పిలువుమని అధికారులను కోరుదమాయని అడిగెను. పిల్లలు సంతోషముతో ఔనని కేకలు వేసిరి. ఆయన తొందరపడలేదు. మనకు ధనము తక్కువ, వారు వచ్చినచో మీరు హెచ్చుగా పనిచేయవలసి యుండును, తిండి తగ్గును, మీ బట్టలు వారితో పంచుకొనవలసి యుండునేమో, బాగుగా ఆలోచించి చెప్పుడని మరల మరల హెచ్చరించెను. పిల్లలు తమ మాటను మార్చుకొనలేదు.

ఈ పిల్లలు మూడు నెలల క్రిందట తిండి దొంగిలించినవారు, ఒకరినొకరు నమ్మనివారు. దానము పుచ్చుకొనుటకే పుట్టితిమని తలంచుచుండినవారు దాతలుగా మారిరి. దుఃఖములో నున్న పిల్లవానిని మనము సాధారణముగా జాలి చూపి కూర్చుండబెట్టుదుము. నీవును మరియొకనికి పనికివత్తువని చెప్పుట మరతుము. పెస్టాలజీ మరువలేదు. మేము ఆయన జీవితమంతటిలో ఈ సాయంకాలమునే ఉన్నతమైనదిగా ఎంచుచున్నాము.

ఇంత చదివి అచ్చట అంతయు సుఖముగా జరిగెనని తలంపరాదు. ఊరి పెద్దలకు ఆయన శత్రుప్రభుత్వపు మనిషి, అంతేకాక ప్రొటెస్టెంటు. తమ బిడ్డలను తండ్రులను చంపినవారి చేతిలో పెట్టుచున్నామని వారికి అనుమానము. అట్లనుకొనుటకు వారికి హేతువు లేకపోలేదు. ఆదివారములలో తల్లులు, బంధువులు వచ్చి పిల్లలను మూలకు తీసికొనిపోయి కన్నీరు పెట్టుకొనగా, పిల్లలకు ఇంటిమీద బెంగ పుట్టి వెళ్లిపోవుచుండిరి. కొందరు క్రొత్తబట్టలు తొడుగుకొన్న మరునాడే మాయమగుచుండిరి. బిడ్డ బిచ్చమెత్తి తెచ్చు కాసులు పోయినవని, ఆ నష్టమునకు పరిహార మీయవలెనని కొందరు తల్లులు దెబ్బలాడిరి. ఆయన కోపింపక, విసుగక, పోయినవారి స్థానమున వచ్చినవారిని చేర్చుకొనుచుండెను. మంచు కరగు వేళకు పిల్లల ముఖములు గుర్తుపట్టలేనంతగా మారినవి.

ఆయన దోషరహితుడని మేము వ్రాయము. లెక్కలు చూచుట, ఇతరులతో పని పంచుకొనుట ఆయనకు చేతకాదు. మొండితనము, కఠినత్వము చూపిన పిల్లలను అప్పుడప్పుడు చేయిచేసికొనెను. తండ్రి కొట్టినట్లే పిల్లలు దానిని గ్రహించిరని ఆయన తరువాత సమర్థించుకొనెను. ఈ విషయమున మేము ఆయన వెంట నడువజాలము. దెబ్బలవలన భయపడిన పిల్లలకు దెబ్బ మందు కానేరదు. మన దేశమున 2009 నాటి బాలల విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను నిషేధించినది కూడను.

1799 జూన్ నెలలో ఆస్ట్రియా సైన్యములతో పోరుచుండిన ఫ్రెంచివారు స్టాన్స్ మీదుగా మరల వచ్చిరి. గాయపడిన సిపాయిలకు చోటు కావలసి మఠమును ఆసుపత్రిగా మార్చిరి. జూన్ 8వ తేదీన పిల్లలలో హెచ్చుమందిని పంపివేయవలసి వచ్చెను. ఇరువదిమందికి పైగా మాత్రము ఊరివారి పోషణలో మిగిలిరి. పోవుచున్న ప్రతి పిల్లవానికి పెస్టాలజీ రెండు జతల బట్టలును కొంచెము డబ్బును ఇచ్చి పంపెను. తాను నోట రక్తము పడుచుండగా కొండలలోని గుర్నిగెల్ స్నానశాలకు పోయి పడకవేసెను. తిరిగి స్టాన్స్ పోవలెనని కోరెను గాని, పై వారు ఒప్పుకొనలేదు. ఆయనకు పడని వారు ఇది నోయ్‌హోఫ్ వలెనే మరియొక ఓటమి యనిరి.

ఓటమియా? పిల్లలు వీధిపాలైన మాట నిజమే. కాని నేటి వైద్యులును ఉపాధ్యాయులును యుద్ధపీడితులైన బాలబాలికలకొరకు చేయు పనిని చూచినవారు స్టాన్స్ నందు జరిగినదానిని తేలికగా పోల్చుకొందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో వెలువరించిన అంచనా ప్రకారము పోరాటములు జరిగిన ప్రదేశములలో అయిదుగురిలో ఒకరికి ఏదో యొక మానసిక రుగ్మత కలదు. అట్టి చోట్ల పనిచేయువారు మొదట కోరునవి పెద్ద ఔషధములు కావు: సురక్షితమైన చోటు, మారని దినచర్య, విడిచిపోని పెద్దమనిషి, తోటివారితో ఆట, పని, చదువు; వీనితోను తేరుకొనని కొందరికి మాత్రము నిపుణుల చికిత్స. పేలు పట్టిన ఎనుబదిమంది నడుమ ఒంటరిగా నిలిచిన ఆ ముసలి స్విస్సు ఉపాధ్యాయునికి ఈ విషయములు ఏ గ్రంథమును చెప్పలేదు.

ఆరోగ్యము కొంత కుదిరిన పిమ్మట ఆయన బుర్గ్‌డోర్ఫ్ పట్టణమున, చెప్పులు కుట్టువాడొకడు నడపుచుండిన పేదపిల్లల బడిలో, క్రింది ఉపాధ్యాయుడుగా చేరెను. దేశమంతట పేరు గల గ్రంథకర్త ఇంతకు దిగుటకు సిగ్గుపడలేదు. 1800 ఆరంభమున తూర్పుననున్న అపెంజెల్ సీమలో యుద్ధమువలన కరవు వచ్చి, పిల్లలు ఆకలికి మాడుచుండగా, హెర్మన్ క్రూసి అను యువ ఉపాధ్యాయుడు పాతికమందికి పైగా పిల్లలను వెంటబెట్టుకొని నడకదారిన బుర్గ్‌డోర్ఫ్ చేరెను. ఊరివారు ఆ పిల్లలను తమ యిండ్లలో పెట్టుకొనిరి. క్రూసి పెస్టాలజీకి తొలి సహాయోపాధ్యాయు డయ్యెను. పెస్టాలజీ యొక్క ప్రసిద్ధ విద్యాలయము ఆ శరణార్థి పిల్లలతోడనే పెరిగినదని చెప్పవచ్చును.

తరువాతి కథ లోకప్రసిద్ధము. 1805 మొదలు 1825 వరకు ఇవెర్డోన్ కోటలో ఆయన నడపిన పాఠశాలను చూచుటకు ఐరోపా నలుమూలల నుండి జనులు వచ్చిరి. పిల్లల తోటలను స్థాపించిన ఫ్రోబెల్ రెండేండ్లు అచ్చట నుండెను. సహాయకుల కలహములవలన అదియు మూతపడెను. కుమారుడు 1801లోను, భార్య 1815లోను గతించిరి. ఆయన నోయ్‌హోఫ్ చేరి, 1827 ఫిబ్రవరి 17వ తేదీన బ్రుగ్ పట్టణమున మరణించెను. బిర్ గ్రామపు బడి ప్రక్క పూడ్చిపెట్టిరి. 1846లో, ఆయన పుట్టిన నూరేండ్లకు, ఆ బడిగోడపై స్మారకశిల నిలిపిరి. దానిపై ఆయన పనిచేసిన ఊళ్ల వరుసలో, ఇరువదియేండ్లు గడపిన ఇవెర్డోన్ తో సమానముగా, అయిదు నెలలైనను నిండని స్టాన్స్ ను చెక్కి, అచ్చట ఆయన అనాథలకు తండ్రియని వ్రాసిరి.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1946లో, ఐరోపాలో తలిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలకొరకు స్విట్జర్లాండువారు ట్రోగెన్ అను చోట ఒక గ్రామము కట్ట మొదలిడి, దానికి పెస్టాలజీ పేరు పెట్టిరి. యుద్ధములో ఒకరినొకరు చంపుకొన్న దేశముల బిడ్డలు అచ్చట ప్రక్క ప్రక్క యిండ్లలో పెరిగిరి. 1960లో టిబెట్టు శరణార్థుల పిల్లలును అచ్చట చేరిరి. ట్రోగెన్ ఉన్నది అపెంజెల్ సీమలోనే. క్రూసి ఆకలిగొన్న పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరిన కొండలు అవియే.